పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్: తొమ్మిది రాత్రులు, ఒకే రైలు దారి

మొదటిసారి అమ్మానాన్నల్ని యూరప్ తీసుకెళ్ళినప్పుడు పదకొండు రోజుల్లో ఏడు దేశాలు చూపించే బస్సు ప్యాకేజీ తీసుకున్నాను. ఆరో రోజు పొద్దున టిఫిన్ దగ్గర నాన్న చుట్టూ చూసి, "ఇది ఏ ఊర్రా?" అని అడిగారు. నాకూ వెంటనే తట్టలేదు. రోజూ ఐదింటికి లేవడం, పెట్టె సర్దడం, బస్సెక్కడం, దిగి ఫొటో తీసుకోవడం, మళ్ళీ బస్సెక్కడం. డబ్బు పెట్టి మరీ పడ్డ తిప్పలు అవి.

రెండోసారి మూడే నగరాలు పెట్టుకున్నాం. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఆ పద్ధతినే ఇక్కడ మొదటి నుంచి చెబుతున్నాను. రోమ్, బార్సిలోనా, స్విట్జర్లాండ్ ఎందుకు లేవని అడగొద్దు. అవి ఇంకో ట్రిప్పుకి.

మొదటి అడుగు: రాత్రులు లెక్కపెట్టండి, దేశాలు కాదు

పారిస్‌లో నాలుగు రాత్రులు, బ్రస్సెల్స్‌లో రెండు, ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు. పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కి యూరోస్టార్ రైల్లో గంటా ఇరవై రెండు నిమిషాలు. అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి రెండు గంటలు. మధ్యలో ఎయిర్‌పోర్టు ఉండదు, చెకిన్ ఉండదు, సామాను తూకం టెన్షన్ ఉండదు. విమానం పారిస్‌లో దిగేలా, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తిరిగొచ్చేలా ఒకే టికెట్టుగా తీసుకోండి. బుకింగ్ సైట్లలో మల్టీ సిటీ అని ఉంటుంది. ధర మామూలు రానూపోనూ టికెట్టుకి దగ్గరగానే ఉంటుంది, వెనక్కి పారిస్ వెళ్ళే ఖర్చు తప్పుతుంది. హైదరాబాద్, ఆమ్‌స్టర్‌డామ్ మధ్య 2025 సెప్టెంబరు నుంచి నేరుగా విమానం నడుస్తోంది. పెద్దవాళ్ళతో తిరిగొచ్చేటప్పుడు ఇది పెద్ద సుఖం. గల్ఫ్ ఎయిర్‌పోర్టులో అర్ధరాత్రి టెర్మినళ్ళు మారే బాధ తప్పుతుంది.

లండన్ కూడా కలుపుదామా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమిని షెంగెన్ అంటారు, బ్రిటన్ అందులో లేదు. దానికి వేరే వీసా, వేరే ఫీజు, వేరే కాగితాలు. వదిలేయండి.

రెండో అడుగు: ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ చివర నుంచి మే నెలాఖరు దాకా, లేదా సెప్టెంబరు. మన ఊళ్ళ ఎండాకాలం సెలవులు మే నెలలోనే కాబట్టి పిల్లలున్నవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. జూలై, ఆగస్టు వద్దు. జనం తిరణాలలా ఉంటారు, చాలా హోటళ్ళలో ఏసీ ఉండదు, ఎండ ముదిరితే మన ఊరే నయమనిపిస్తుంది. పైగా ఆగస్టులో పారిస్ వాళ్ళే ఊరు వదిలి సెలవుల మీద పోతారు.

రెండు తేదీలు గుర్తుంచుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి క్యూకెన్‌హాఫ్ టులిప్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య దాకానే తెరిచి ఉంటుంది. ఏప్రిల్ 27 నెదర్లాండ్స్‌లో రాజుగారి పుట్టినరోజు పండగ. ఊరంతా నారింజ రంగు బట్టలేసుకుని వీధుల్లోనే ఉంటుంది. సరదా పడితే సరే, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో అయితే ఆ రోజు ఆ ఊళ్ళో ఉండకండి.

మూడో అడుగు: వీసా

అందరూ భయపడేది దీనికే. నిజానికి కాగితాలు సరిగా ఉంటే భయపడాల్సింది లేదు.

ఒక్క షెంగెన్ వీసాతో 29 దేశాలు తిరగొచ్చు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మన లెక్కలో పారిస్‌లో నాలుగు రాత్రులు కాబట్టి ఫ్రాన్స్. "ఫలానా దేశం తొందరగా ఇస్తుందట" అని విని దానికి వేసి, హోటల్ బుకింగులు ఇంకో దేశంలో చూపిస్తే తిరస్కరించే అవకాశాన్ని మీరే చేతికిచ్చినట్టు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుతుంది, కొన్ని కేసులు నలభై ఐదు రోజులు కూడా పడతాయి. మేలో వెళ్ళాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ పట్టండి. మార్చి దాటితే హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో స్లాట్లు దొరకడం కష్టం. ఫ్రాన్స్ వీసాకి ముందు ఫ్రాన్స్ వీసాస్ సైటులో ఫారం నింపాలి, ఆ తర్వాతే వీఎఫ్ఎస్ అపాయింట్‌మెంట్. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకి ఏమీ లేదు. వీఎఫ్ఎస్ చార్జీ దీనికి అదనం.

కాగితాల్లో ముఖ్యమైనవి ఇవీ:

- పాస్‌పోర్టు: గత పదేళ్ళలో ఇచ్చినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటు కావాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.
- కనీసం 30,000 యూరోల వైద్య బీమా, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేది.
- బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు లెటరు.
- ప్రతి రాత్రికీ హోటల్ బుకింగ్, రానూపోనూ విమానం రిజర్వేషన్.
- ఏ రోజు ఎక్కడ ఉంటారో ఒక పేజీలో రాసిన కవరింగ్ లెటరు.

బ్యాంకు స్టేట్‌మెంటు గురించి ఒక మాట. దరఖాస్తుకి వారం ముందు బావమరిది దగ్గర ఐదు లక్షలు తెచ్చి ఖాతాలో వేయడం మనవాళ్ళకి అలవాటు. చూసేవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది. నెలనెలా జీతమో, పింఛనో, వ్యాపారం డబ్బో వస్తూ పోతూ ఉన్న ఖాతా చిన్నదైనా దానికే విలువ. అమ్మానాన్నల ఖర్చు మీరు పెట్టుకుంటుంటే ఆ మాట లెటర్లో రాసి, మీ ఖాతా కాగితాలు, వాళ్ళతో మీ బంధుత్వం చూపే కాగితం జత చేయండి.

ఇంటిపేరు గొడవ ఇంకోటి. మన పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, పేరంతా ఒకే గడిలో ఉండటం మామూలే. ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో పొడి అక్షరాలతో ఇంకోలా ఉంటుంది. వీసా, బీమా, విమానం టికెట్టు, మ్యూజియం టికెట్టు అన్నిటిలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు గడి ఖాళీ అయితే ఎలా రాయాలో టికెట్టు కొనకముందే విమాన సంస్థని అడగండి.

వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల దాకా చెల్లుతాయి. మూడేళ్ళలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకి ఆ తర్వాత రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ మొదటి ట్రిప్పు కాగితాలు జాగ్రత్తగా దాచుకోమనడానికి అదో కారణం.

నాలుగో అడుగు: దర్శనం టికెట్లు ముందే

తిరుమల మూడు వందల రూపాయల దర్శనం కోటా విడుదలయ్యే రోజు ఫోను పట్టుకుని కూర్చున్న అనుభవం మీకుంటే ఈ భాగం సులువు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇల్లు (నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి): టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే, వాళ్ళ సొంత సైటులో మాత్రమే. ప్రతి మంగళవారం అక్కడి పొద్దున పదింటికి, ఆరు వారాల తర్వాతి తేదీలకి విడుదల చేస్తారు. మనకది వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. ఐదు నిమిషాల ముందే లాగిన్ అయి కూర్చోండి. 1942 జూలై నుంచి 1944 ఆగస్టు దాకా ఎనిమిది మంది దాక్కున్న ఆ వెనక భాగం చాలా ఇరుకు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళు సహకరించనివాళ్ళకి కష్టం.

ఈఫెల్ టవర్: లిఫ్టు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు. పై అంతస్తు దొరక్కపోతే రెండో అంతస్తు చాలు, నా లెక్కలో ఊరు అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. ఓపికుంటే రెండో అంతస్తుకి 674 మెట్లున్నాయి.

లూవ్ర్ మ్యూజియం: మంగళవారం సెలవు. ఈ సంగతి చూసుకోకుండా నేను మొదటిసారి పెట్టుకున్న ప్లానులో లూవ్ర్ మంగళవారమే ఉంది. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ కోట సోమవారం సెలవు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళకి లూవ్ర్ టికెట్టు 2026 జనవరి నుంచి 32 యూరోలు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఉచితం. బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం స్లాటు తీసుకుంటే తోపులాట కాస్త తగ్గుతుంది.

వాన్ గో మ్యూజియం కూడా ఆన్‌లైన్‌లో టైము తీసుకుంటేనే. నోత్రదామ్ చర్చికి టికెట్టు లేదు. 2019 ఏప్రిల్‌లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్ళీ తెరుచుకుంది. ఒకటి రెండు రోజుల ముందు ఉచితంగా టైము బుక్ చేసుకోవచ్చు, దొరక్కపోయినా లైన్లో నిలబడి వెళ్ళొచ్చు.

యూరోస్టార్ విమానం లాంటిదే, రోజులు దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. వీసా చేతికొచ్చిన రోజే కొనేయండి. బెల్జియం లోపల తిరిగే మామూలు రైళ్ళకి ముందే కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకటే ధర, సీటు నంబరు ఉండదు. వాటికి హడావుడి పడొద్దు.

ఐదో అడుగు: పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు

మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి తీసుకెళ్ళడానికి లేదు. అంటే నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. ఆవకాయ, గోంగూర, కారప్పొడి, పులిహోర పొడి, జంతికలు నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టండి.

మన సన్న రెండు పిన్నుల చార్జరు ఈ మూడు దేశాల్లోనూ పడుతుంది, మూడు పిన్నులదైతే అడాప్టరు కావాలి. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించుకోండి. ఒక చిన్న ఖాళీ నీళ్ళ సీసా తప్పనిసరి, రెండు కారణాలకి. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు, పట్టుకోవచ్చు. రెండో కారణం: అక్కడి బాత్రూముల్లో కాగితమే తప్ప నీళ్ళుండవు.

డబ్బు: ఫారెక్స్ కార్డు ఒకటి, మామూలు క్రెడిట్ కార్డు ఇంకోటి, నోట్లు ఓ రెండు మూడు వందల యూరోలు. కార్డు మిషను "రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్ళిష్టం. ఒక దేశంలో తీసుకున్న యూరప్ సిమ్ మిగతా రెంటిలోనూ పనిచేస్తుంది.

ఆరో అడుగు: పారిస్‌లో దిగాక

షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు దగ్గర ఇప్పుడు స్టాంపు బదులు ముఖం ఫొటో తీసి కంప్యూటర్లో నమోదు చేసే కొత్త పద్ధతి వచ్చింది. మొదటిసారి కాస్త సమయం పడుతుంది. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్టు చేతిలోనే ఉంచుకోండి.

ఊళ్ళోకి ఆర్ఈఆర్ బీ రైలు అరగంట పైన పడుతుంది. టికెట్టు 2025లో మనిషికి 13 యూరోలు. నలుగురుండి పెట్టెలు కూడా ఉంటే టాక్సీయే మేలు. ఎయిర్‌పోర్టు నుంచి ఫిక్స్‌డ్ రేటు ఉంటుంది: 2025లో సేన్ నదికి కుడి ఒడ్డుకైతే 56 యూరోలు, ఎడమ ఒడ్డుకైతే 65. బోర్డు ఉన్న టాక్సీ క్యూలోనే ఎక్కండి. లోపల మీ దగ్గరికే వచ్చి "టాక్సీ, టాక్సీ" అనేవాళ్ళతో వెళ్ళొద్దు.

మెట్రోకి నవిగో ఈజీ కార్డు రెండు యూరోలు, మనిషికొకటి ఉండాలి. ఒక్కో ప్రయాణం రెండున్నర యూరోల చిల్లర, దూరంతో పని లేదు. బస్సు టికెట్టు వేరు. బయటికొచ్చే దాకా కార్డు జేబులోనే ఉంచుకోండి, మధ్యలో చెకింగ్ వాళ్ళు ఆపుతారు. జరిమానా వేసేటప్పుడు తెలియదంటే వినరు.

రోజుకి ఒక పెద్ద చోటు, ఒక చిన్న నడక. అంతకు మించి పెట్టుకోకండి. మేం చేసింది ఇది. మొదటి రోజు ఏమీ చూడలేదు, సాయంత్రం సేన్ నది మీద గంట పడవ ప్రయాణం. కూర్చునే ఊరంతా చూడొచ్చు, నిద్ర కూడా ఆగుతుంది. రెండో రోజు పొద్దున ఈఫెల్, తర్వాత నది ఒడ్డున నడక. మూడో రోజు పొద్దున మోంమార్త్ర్ కొండ, సాయంత్రం లూవ్ర్. నాలుగో రోజు నోత్రదామ్, లాటిన్ క్వార్టర్ సందులు, మధ్యాహ్నం ఓర్సే. ఐదో రోజు పొద్దున రైలు.

లూవ్ర్‌లో మోనాలిసా దగ్గర ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 77 సెంటీమీటర్ల ఎత్తున్న బొమ్మ, దాని ముందు ఎత్తిన ఫోన్ల అడవి. వెనక్కి తిరిగితే అదే గదిలో గోడంతా పరుచుకుని వెరొనేసే వేసిన కానా పెళ్ళివిందు బొమ్మ ఉంది. అసలు తిరునాళ్ళ కళ అక్కడుంది, దాన్ని చూసేవాళ్ళు తక్కువ. అమ్మ పావుగంట దాని ముందే నిలబడి విస్తళ్ళు లెక్కపెట్టింది.

ఈఫెల్ రాత్రిపూట ప్రతి గంటకీ ఐదు నిమిషాలు మెరుస్తుంది. మే నెలాఖర్లో చీకటి పడేసరికే పది దాటుతుంది. మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే తప్ప పెద్దవాళ్ళు నిలవరు.

దుకాణంలో అడుగుపెట్టగానే "బోంజూర్" అనండి. ఆ ఒక్క మాట అనకుండా నేరుగా "హౌ మచ్" అంటే ముఖం ముడుచుకుంటారు. పారిస్ వాళ్ళు పొగరుబోతులనే పేరు సగం దీనివల్లే వచ్చిందని నా అనుమానం. యానాం 1954 దాకా వాళ్ళ ఏలుబడిలోనే ఉంది, ఒక్క మాట మనకీ రాకపోతే ఎలా.

జేబుదొంగల గురించి. మెట్రోలో, మోంమార్త్ర్ మెట్ల దగ్గర, ఈఫెల్ కింద జాగ్రత్త. సంతకం పెట్టమని అట్ట పట్టుకుని వచ్చే అమ్మాయిలు, చేతికి దారం కట్టేవాళ్ళు, నేల మీద ఉంగరం దొరికిందని చూపించేవాళ్ళు, అందరిదీ ఒకటే పని. ఆగకుండా నడవండి. పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి, ఫొటోకాపీ దగ్గరుంచుకోండి. మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోను చూడొద్దు, తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. ఏ ఆపదైనా యూరప్ అంతటా నంబరు 112.

తిండి: హోటళ్ళలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకా, రాత్రిది ఏడు తర్వాతే. నాలుగింటికి కడుపులో ఎలకలు పరుగెత్తితే బేకరీలే దిక్కు. రొట్టె మాత్రం అద్భుతం. "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇస్తారు, ఉత్త "వాటర్" అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. బెల్జియంలో ఈ ఉచితం మీద ఆశ వద్దు. ఇడ్లీ దోశ మీద మనసు పోతే గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వీధులకి వెళ్ళండి. శ్రీలంక తమిళుల పేట అది. సాంబారు వాసన దూరం నుంచే తగులుతుంది, కరివేపాకు కూడా అక్కడే దొరుకుతుంది.

ఏడో అడుగు: బ్రస్సెల్స్

రైలు గార్ ద్యు నోర్ నుంచే. బ్రస్సెల్స్‌లో యూరోస్టార్ ఆగే స్టేషన్‌కి రెండు పేర్లు: ఫ్రెంచిలో మిడి, డచ్చిలో జౌద్. రెండూ ఒకటే, కంగారు పడకండి. బోర్డుల మీద పారిస్‌ని డచ్చిలో పారైస్ అని రాసి ఉన్నా అదీ అంతే.

ఊళ్ళో గ్రాండ్ ప్లాస్ చూడాలి, అదీ రెండుసార్లు: పగలొకసారి, దీపాలు పెట్టాక ఇంకోసారి. 1695లో ఫ్రెంచి ఫిరంగులు నేలమట్టం చేస్తే వర్తక సంఘాల వాళ్ళు కొద్ది ఏళ్ళలోనే తిరిగి కట్టుకున్న చౌరస్తా అది. పక్కనే ఉచ్చ పోసే పిల్లాడి బొమ్మ మానెకెన్ పిస్. అర మీటరు పైన కాస్త ఉంటుంది, చూసినవాళ్ళంతా "ఇంతేనా" అంటారు. మీరూ అనండి. రెండో రోజు మొత్తం బ్రూజ్‌కి ఇవ్వండి, రైల్లో గంట దూరం. కాలువలు, ఇటుక ఇళ్ళు, 366 మెట్ల గంటగోపురం. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక ఊరు బాగుంటుంది, ఆఖరి రైలు టైము చూసుకుని ఆగండి.

ఎనిమిదో అడుగు: ఆమ్‌స్టర్‌డామ్

ఇక్కడ టికెట్టు కొనక్కర్లేదు. ట్రాము, బస్సు, రైలు, దేనికైనా మీ బ్యాంకు కార్డునే మిషనుకి ఆనించి ఎక్కాలి, దిగేటప్పుడు మళ్ళీ ఆనించాలి. మనిషికొక కార్డు కావాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఎక్కువ కోస్తారు.

ఈ ఊళ్ళో కార్ల కంటే సైకిళ్ళకే భయపడాలి. ఎర్రటి రంగు దారి కనిపిస్తే అది సైకిళ్ళది, అందులో నిలబడి సెల్ఫీ తీసుకుంటే గంట కొడుతూ మీద కొచ్చేస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇక్కడ కాఫీషాప్ అని బోర్డు ఉంటే అది గంజాయి అమ్మే చోటు. నిజంగా కాఫీ కావాలంటే కఫే అని ఉన్నదానికి వెళ్ళండి. నాన్నకి కాఫీ తలకెక్కనిదే పొద్దు గడవదు, అందుకని ఈ పాఠం ఆయనకి మొదటి రోజే చెప్పాల్సి వచ్చింది. రెడ్‌లైట్ వీధుల్లో కిటికీల్లోని ఆడవాళ్ళని ఫొటోలు తీయకూడదు.

హోటల్ గదులు ఖరీదు, దానిపైన 12.5 శాతం టూరిస్టు పన్ను. బడ్జెట్ తక్కువైతే రైల్లో పావుగంట దూరంలో ఉన్న హార్లెమ్‌లో ఉండండి, ఊరు కూడా ముచ్చటగా ఉంటుంది. రైక్స్‌మ్యూజియంలో రెంబ్రాంట్ 1642లో వేసిన నైట్ వాచ్, గంట కాలువ పడవ, ఆన్ ఫ్రాంక్ ఇల్లు, ఒక రోజు టులిప్ తోటో, జాన్సె స్కాన్స్ గాలిమరలో. మూడు రోజులకి ఇది చాలు.

అన్నం బెంగకి సూరినామ్ రోటీ కొట్లున్నాయి. 1873 నుంచి మన దేశం నుంచి కూలీలుగా సూరినామ్ వెళ్ళినవాళ్ళ వారసులు అక్కడి నుంచి ఇక్కడికి చేరారు. వాళ్ళ బంగాళాదుంప కూర, పప్పు పొడి పెట్టిన రోటీ మన నాలుకకి చుట్టం లాగే తగులుతాయి.

తిరుగు ప్రయాణం

స్కిపోల్ ఎయిర్‌పోర్టుకి సెంట్రల్ స్టేషన్ నుంచి రైల్లో పావుగంట పైన కాస్త. విమానానికి మూడు గంటల ముందే చేరండి. పారిస్‌లో కొన్న బ్యాగుకో, సెంటుకో పన్ను వాపసు కాగితం తీసుకుని ఉంటే, దానికి ముద్ర వేయించాల్సింది యూరోపియన్ యూనియన్ వదిలి వెళ్ళే ఆఖరి ఎయిర్‌పోర్టులో, అంటే ఇక్కడే. ఫ్రాన్స్‌లో ఈ వాపసు ఒక కొట్లో వంద యూరోలు దాటి కొంటేనే వస్తుంది. కస్టమ్స్ వాళ్ళు వస్తువు చూపించమంటారు కాబట్టి దాన్ని చెకిన్ పెట్టె అడుగున కుక్కకండి. మేం కుక్కాం. కౌంటరు ముందు నేల మీద పెట్టె విప్పి, ఆవకాయ సీసా, చీరలు, కండువాలు పక్కన పేరిస్తే గానీ ఆ బ్యాగు బయటికి రాలేదు.